అరుణాచలం దూరమా, తెనాలి దూరమా?

ప్రశ్న: నా వయసు 57. విజయవాడలో ప్రభుత్వోద్యోగం. అమ్మాయికి పెళ్లయింది, అబ్బాయి బెంగళూరులో పనిచేస్తున్నాడు. మూడేళ్లుగా దాదాపు ప్రతి పౌర్ణమికీ అరుణాచలం వెళ్లి గిరిప్రదక్షిణ చేస్తున్నాను. రమణాశ్రమంలో గంటల తరబడి కూర్చుంటాను. అక్కడున్నంతసేపూ హాయిగా ఉంటుంది, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. ధ్యానంలో మనసు నిలవడం లేదు. ప్రేమలూ అనుబంధాలూ అన్నీ బంధనాలే అనిపిస్తోంది. మా అమ్మకు 84 ఏళ్లు, తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. నెలనెలా 8,000 రూపాయలు పంపుతున్నాను. మతిమరుపు బాగా ముదిరింది. ఏడు నెలల కిందట వెళ్తే నన్ను చూసి మా నాన్నగారనుకుని, "ఏమండీ, చొక్కా గుండీ ఊడేట్టుంది, విప్పి ఇటివ్వండి, కుట్టేస్తాను" అంది. తట్టుకోలేకపోయాను. మళ్లీ వెళ్లలేదు. అది గుర్తొస్తే ధ్యానం చెదిరిపోతోంది. తమ్ముడు ఈ మధ్య ఫోన్లో ముభావంగా ఉంటున్నాడు, మరదలు రెండు సంక్రాంతులుగా పుట్టింటికి వెళ్లలేదని దెప్పాడు. డబ్బు పెంచమని కాబోలు. నేను అడగదలుచుకున్నది ఇది: వీఆర్ఎస్ తీసుకుని తిరువణ్ణామలైలో గది అద్దెకు తీసుకుని ఉండిపోవచ్చా? నా భార్య ఉత్తమురాలు, దేనికీ ఎదురుచెప్పదు. నాకు కలిగింది నిజమైన వైరాగ్యమేనా?

జవాబు: మీరు అడిగినదానికి ముందు చెప్పేస్తాను, ఒక పని అయిపోతుంది. కాదు. వీఆర్ఎస్ వద్దు, గదీ వద్దు.

మన పెద్దవాళ్లు మూడు వైరాగ్యాలు చెప్పారు: పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. మూడూ ఎంతోసేపు నిలవవని వాళ్లకూ తెలుసు, అందుకే నవ్వుతూ చెప్పారు. ఈ కాలంలో నాలుగోది ఒకటి చేరింది. పిల్లల బాధ్యతలు తీరి, పెన్షన్ ఎంతొస్తుందో లెక్క చూసుకున్నాక వచ్చే వైరాగ్యం. వస్తే రానివ్వండి, తప్పేం లేదు. దాన్ని నమ్ముకుని రాజీనామా కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి.

ఇక అసలు సంగతి. మీరు రాసింది నాలుగు పేజీలు, స్థలం చాలక ఇక్కడ కుదించాం. అందులో మూడున్నర పేజీలు అరుణాచలమే. ఏ లింగం దగ్గర ఏమనిపించింది, పద్నాలుగు కిలోమీటర్లలో ఎక్కడ కాళ్లు లాగాయి, ఏ స్వామి ఏం చెప్పాడు, అన్నీ రాశారు. అమ్మ గురించి ఆరేడు వాక్యాలు. కానీ ఆ మూడున్నర పేజీల్లో మీరు ఒక్క మనిషి మాటను కూడా ఉన్నదున్నట్టు రాయలేదు. అమ్మ అన్న మాట మాత్రం గుండీతో సహా రాశారు. మీ మనసు ఎక్కడ నిలిచి ఉందో మీ చేతిరాతే చెప్తోంది. నిలవడం లేదంటారేమిటి?

రమణాశ్రమంలో కూర్చుంటానన్నారు కాబట్టి ఆ మాటే మాట్లాడుకుందాం. అక్కడ మాతృభూతేశ్వరాలయం ఎవరి సమాధి మీద కట్టారో మీకు తెలియక కాదు. అయినా చెప్తాను, ఓపిక పట్టండి. 1896లో పదహారేళ్ల కుర్రాడు, తరవాత రమణ మహర్షి అయినవాడు, మదురైలో ఇల్లు వదిలి అరుణాచలం వెళ్లిపోయాడు. రెండేళ్లకు తల్లి అళగమ్మ జాడ తెలుసుకుని వచ్చింది. ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చింది. ఆయన కదల్లేదు, మాట్లాడను కూడా లేదు. జరగాల్సింది జరిగే తీరుతుందని కాగితం మీద రాసిచ్చారు. మగవాళ్లకు ఈ కథ సరిగ్గా ఇక్కడిదాకానే గుర్తుంటుంది, ఎందుకో!

తరవాతిది వినండి. 1914లో ఆవిడ తిరుపతి యాత్ర చేసి వస్తూ కొడుకు దగ్గర ఆగి, టైఫాయిడ్‌తో మంచాన పడితే సేవ చేసింది ఆయనే. 1916లో ఆవిడ కొండమీదికే వచ్చేసింది, ఇక అక్కడే ఉండిపోయింది. కొండమీద పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టిన చెయ్యి ఆవిడదే. మడీ ఆచారం గట్టిగా పట్టుకున్న మనిషి కదా, ఉల్లిపాయ చూపించి "జాగ్రత్తమ్మా, ఇది మోక్షానికి పెద్ద అడ్డు" అని ఆటపట్టించేవారట. 1922 మే 19న ఆవిడ పోయిన రోజు పొద్దుటినుంచి ఊపిరి ఆగేదాకా, ఒక చెయ్యి ఆవిడ గుండెమీద, ఒక చెయ్యి తలమీద పెట్టుకుని పక్కనే కూర్చున్నారు. కొండ కింద సమాధి చేశారు. కొన్ని నెలలకు ఆయనే కొండ దిగి వచ్చి ఆ సమాధి దగ్గర ఉండిపోయారు. మీరు కూర్చునే ఆశ్రమం పెరిగింది దాని చుట్టూనే.

మీరు తల్లిని చూడ్డానికి భయపడి, ఇంకొకాయన తల్లి సమాధి పక్కన కూర్చుని ప్రశాంతత కోసం వెతుకుతున్నారు. కటువుగా అన్నానా? అననివ్వండి. మీ తమ్ముడు అనలేక ముభావంగా ఉన్నాడు, మీ ఆవిడ అసలే అనదు, ఇంకెవరనాలి?

ఆ రోజు మీకు తగిలిన దెబ్బ చిన్నదని నేను అనను. కన్నతల్లి "ఏమండీ" అని పిలిస్తే ఏ కొడుక్కైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ మాట మన ఇళ్లలో ఒక్కరికే వాడేది. యాభై ఏళ్లు ఆ పిలుపు మీ నాన్నగారిది. అది మీ మీద పడేసరికి, నాన్న లేరన్న సంగతీ, అమ్మలో మీరు కూడా మిగల్లేదన్న సంగతీ రెండూ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. అందుకే పారిపోయారు. ఏడ్చి ఉంటే బాగుండేది. మీరు ఏడవలేదు, దానికి వైరాగ్యమని పేరు పెట్టి పౌర్ణమికి టికెట్ బుక్ చేసుకున్నారు.

ఒక సంగతి గమనించారా? మీరెవరో ఆవిడకు తెలియలేదు, నిజమే. గుండీ ఊడేట్టుందని మాత్రం తెలిసింది. నిజంగానే వదులుగా ఉందా, లేదా? అది మీరు రాయలేదు. ఉండే ఉంటుందని నా నమ్మకం. మీ ఇంట్లో, ఆఫీసులో, రైల్లో ఎవరికీ కనపడని గుండీ ఆ 84 ఏళ్ల కళ్లకు కనపడింది. ఎదురుగా ఉన్నది తన మనిషన్న ఎరుక ఆవిడలో చెక్కుచెదరలేదు, పోయింది పేరూ వరసా మాత్రమే. ప్రేమ బంధనమా కాదా అని నన్ను అడుగుతున్నారు. ఆ మంచం దగ్గర పది నిమిషాలు కూర్చోండి, ఆ ప్రశ్న నాకు రాయాల్సిన అవసరం ఉండదు.

మా నాన్న చివరి రెండేళ్లు నన్ను "అక్కయ్యా" అని పిలిచేవారు. ఆయన అక్క నేను పుట్టకముందే పోయింది. మొదట్లో ప్రతిసారీ "నేను నాన్నా, నీ కూతుర్ని" అని సరిదిద్దేదాన్ని. ఆయన బిక్కమొహం వేసేవారు, పరీక్షలో జవాబు తప్పు చెప్పిన పిల్లాడిలా. ఒక రోజు విసిగిపోయి "ఏంట్రా, చెప్పు" అన్నాను. ఆ మొహం వెలిగిన తీరు ఇప్పటికీ నా కళ్లముందుంది. బావిదగ్గర జామచెట్టు కొట్టేశారా అని అడిగారు. లేదురా, కాయలు కాసింది అన్నాను. అబద్ధమే. ఆ అబద్ధానికి పాపం తగిలితే తగలనివ్వండి, నేను మోస్తాను.

కాబట్టి "నేనెవరో చెప్పుకో అమ్మా" అని పరీక్షలు పెట్టకండి. ఏమండీ అంటే ఊ అనండి. సరిదిద్దకండి, వాదించకండి. పొద్దున పూట వెళ్లండి, చాలామందికి సాయంత్రమయ్యేసరికి తికమకా చిరాకూ ఎక్కువవుతాయి. తలకు నూనె రాయండి, పాత ఊరి కబుర్లు చెప్పండి, ఆవిడ పాడుకునే మంగళహారతులేవైనా ఉంటే మొదటి చరణం మీరు ఎత్తుకోండి. ఇందాక ఏం తిన్నారో గుర్తులేని మనుషులు పాట మొత్తం అందుకోవడం నేను చూశాను. చేతులకు అలవాటైన పనులూ అలాగే చివరిదాకా ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన మాట. ముసలితనం కదా అని వదిలేశారా, డాక్టరుకు చూపించారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. థైరాయిడ్ తగ్గినా, బి12 చాలకపోయినా, కొన్ని మాత్రల వల్లా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లకు మతి తప్పినట్టవుతుంది. వీటిలో చాలావరకు మందులకు లొంగేవే. అల్జీమర్స్ లాంటిదైతే నయం కాకపోవచ్చు, కానీ నిద్ర పట్టడానికీ, గాభరా తగ్గడానికీ సాయం దొరుకుతుంది. న్యూరాలజిస్టుకు గానీ సైకియాట్రిస్టుకు గానీ చూపించండి. ఆ రోజు సెలవు పెట్టి మీరు తీసుకెళ్లండి, తమ్ముడికి అప్పగించకండి.

మరదలి విషయం. రెండు సంక్రాంతులు పుట్టింటికి వెళ్లలేదంటే మీకు డబ్బు లెక్క తోచింది చూశారా, అక్కడ నాకు కోపం వచ్చింది. మతిమరుపు ముదిరిన మనిషిని చూసుకోవడమంటే రాత్రి మూడింటికి లేచి వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో చూడటం, పదిసార్లు పక్కబట్టలు మార్చడం, అన్నం పెట్టాక కూడా "నాకు అన్నం పెట్టలేదు" అని పక్కింటివాళ్లతో చెప్తే తలవంచుకుని ఊరుకోవడం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో భరణానికి గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. మీరు 8,000 ఇస్తున్నారు, చట్టం ముందు మీరు మరీ దోషి ఏమీ కారు. ఆ పిల్ల ముందు మాత్రం దోషే. మీ అమ్మ కన్నది కాదు, ఆవిడ పాలు తాగింది కాదు. మీ అమ్మకు మీరు చెయ్యాల్సింది ఆ పిల్ల చేస్తోంది. డబ్బు పెంచండి, పగటిపూట ఒక ఆయాను పెట్టండి, దానికి బేరాలాడకండి. అంతకన్నా ముందు తమ్ముడికి ఫోన్ చేసి "ఈ సంక్రాంతికి వారం రోజులు మీరిద్దరూ ఊరెళ్లండి, అమ్మను మేం చూసుకుంటాం" అని చెప్పండి. వాడి ముభావం ఎటు పోతుందో చూడండి.

మేం అంటే మీరు. సెలవు మీరు పెట్టాలి. మీ ఆవిణ్ణి ఒక్కదాన్నే తెనాలి పంపి మీరు అరుణాచలం రైలెక్కితే నాకు మళ్లీ రాయకండి. ఆవిడ ఎదురుచెప్పదని మురిసిపోతున్నారు గానీ, అడిగారా ఎప్పుడైనా? ఎదురుచెప్పనివాళ్లంతా ఒప్పుకున్నట్టు కాదు. ఆవిడ సంగతి రాస్తే ఇంకో రెండు పేజీలవుతుంది, ఇవాళ్టికి వదిలేస్తున్నాను.

గిరిప్రదక్షిణ మానమని నేననను. అరుణాచలేశ్వరుడు ఎక్కడికీ పోడు. ఏడాదిలో పన్నెండు పౌర్ణములకు బదులు రెండు వెళ్లండి. విజయవాడనుంచి తెనాలి ముప్ఫై కిలోమీటర్ల చిల్లర, ప్యాసింజరెక్కి పేపరు చదివేలోపు వచ్చేస్తుంది. మీరు రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లే దూరంతో పోలిస్తే వీధి మలుపు.

వచ్చే ఆదివారం పొద్దున బయల్దేరండి. బీరువాలోంచి పాత చొక్కా ఒకటి తీసి, ఒక గుండీకి దారం సగం తెంపి, దాన్నే వేసుకెళ్లండి. సూదీ దారం సంచిలో పెట్టుకోండి. ఆవిడ కళ్లకు సూది బెజ్జం ఆనకపోవచ్చు, దారం ఎక్కించి చేతికివ్వండి. కుట్టడం అయ్యేదాకా బనీనుతో పక్కనే కూర్చోండి, సూది మీద ఓ కన్నేసి ఉంచండి. ఎంతసేపైనా తొందరపెట్టకండి.