మామయ్య జిరాక్స్ షాపు లెక్క: ఒక కొత్త రచయితకు ఉత్తరం

తమ్ముడూ,

మీ మామయ్య 2013లో 12 లక్షలు పెట్టి అమీర్‌పేటలో జిరాక్స్ షాపు తెరిచి, ఏడేళ్ళు నడిపి 2020లో మూసేసిన సంగతి మీద నీ వ్యాసం చదివాను. "ఆ 12 లక్షలతో మామయ్య అప్పుడే కోకాపేట వైపు జాగా కొని ఉంటే ఈరోజు కోటీశ్వరుడు" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. నిజంగా చాలా కోపం వచ్చింది. ఈ ఒక్క మాట చెప్పడానికే మిగతా లెక్కంతా వేసినట్టున్నావు, ఆ లెక్క పనికిరాకుండా పోయింది కూడా ఈ మాట వల్లే.

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలు పలికిందని నీకు తెలుసు, నాకూ తెలుసు. 2013 ఏప్రిల్‌లో అమీర్‌పేట మైత్రీవనం వెనక షట్టర్ అద్దెకు తీసుకుంటున్న మనిషికి ఎట్లా తెలుస్తుంది? అప్పటికి రాష్ట్రం సంగతే తేలలేదు. కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది ఆ జులై 30న, తెలంగాణ ఏర్పడింది మరుసటి ఏడాది జూన్ 2న. ఏం జరగబోతోందో తెలియక, ఇక్కడ భూమి మీద డబ్బు పెట్టాలంటే పెద్దవాళ్ళే వెనకాడుతున్న రోజులవి. అన్నీ జరిగిపోయాక వెనక్కి తిరిగి, ఊళ్ళో అందరికంటే ఎక్కువ పెరిగినదాన్ని ఏరుకొచ్చి, దాని పక్కన నిలబెట్టి ఒక మనిషిని తెలివితక్కువవాడని తేల్చడం అన్యాయం. ఆ కొలతతో కొలిస్తే 2013లో హైదరాబాద్‌లో ఏ పని మొదలుపెట్టినవాడైనా తప్పు చేసినట్టే.

నేను ఇన్నేళ్ళుగా పట్టుకున్న మాట ఒకటే. పాత పెట్టుబడి గురించి రాసేటప్పుడు డబ్బు పెట్టిన రోజుకు వెళ్ళి నిలబడు. ఆ రోజు ఏ వడ్డీ దొరికేదో, ఆ రోజు ఆ మనిషికి ఏం తెలుసో, ఏం వస్తుందని ఆశపడ్డాడో వాటితో ఒక ఎన్‌పీవీ వెయ్యి, అంటే ముందుముందు వచ్చే డబ్బునంతా ఒక వడ్డీ రేటుతో తగ్గించి పెట్టిన రోజు విలువకు తెచ్చి, అందులోంచి పెట్టుబడి తీసెయ్యి. అది నిర్ణయం గురించిన లెక్క. తర్వాత నిజంగా వచ్చిన డబ్బుతో ఇంకొకటి వెయ్యి. అది ఫలితం గురించిన లెక్క. రెండోదాన్ని చూపించి మొదటిదాని మీద తీర్పు చెప్పకూడదు. నువ్వు సరిగ్గా అదే చేశావు, చివరి పేరాలో "మామయ్య తీసుకున్నది పొరపాటు నిర్ణయం" అని రాసేశావు, నిర్ణయం లెక్క వ్యాసంలో ఎక్కడా వేయకుండానే.

ఈ అలవాటు నీకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. "అప్పుడు ఇంత పెట్టి ఉంటే ఇప్పుడు ఎంతయ్యేది" అనే రాతలు, వీడియోలు రోజుకు ఎన్ని కనపడుతున్నాయో చూస్తున్నాను. వాటిలో గెలిచిన షేరు, గెలిచిన ప్లాటు మాత్రమే ఉంటాయి. అదే రోజు అదే డబ్బుతో కొనదగ్గ మిగతా వంద వస్తువులు ఏమయ్యాయో ఎవరూ రాయరు. దీనికి పాపంలో సగం ఎడిటర్లదే. తొంభైల చివర నేనొక వారపత్రికకు రాసేవాణ్ణి. జీడిమెట్లలో చిన్న యూనిట్ నడిపిన ఒకాయన 1991లో 10 లక్షలు పెట్టి, మధ్యలో పైసా తీసుకోకుండా, 1999లో అమ్మేసి 18 లక్షలు పట్టుకెళ్ళాడు. ఆ రోజుల్లో ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్ మీద 12 శాతం వచ్చేది, దాన్ని ఒక కొలతగా మాత్రమే తీసుకున్నాను. 10 లక్షలు ఏటా 12 శాతం చొప్పున ఎనిమిదేళ్ళు పెరిగితే 24 లక్షల 76 వేలవుతుంది. అంటే ఆయన ఎనిమిదేళ్ళ శ్రమకు, రిస్కుకు ప్రతిఫలం రాకపోగా ఆరున్నర లక్షలకు పైగా వెనకబడ్డాడు. కామర్స్ పుస్తకం వెనక ఉండే డిస్కౌంట్ టేబుళ్ళు ముందేసుకుని చేత్తో లెక్క వేసి, ఆ పేరా రాయడానికి ఒక రాత్రంతా కూర్చున్నాను. ఎడిటర్ ఆ పేరా మొత్తం తీసేసి "పది లక్షలు పద్దెనిమిది లక్షలైన కథ" అని పెద్ద అక్షరాలతో వేశాడు. అడిగితే పాఠకులకు లెక్కలు పడవన్నాడు. కిరాణా షాపులో అణాపైసలతో సహా చూసుకునే మనుషులకు లెక్కలు పడవట! ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ ఫీచర్ చూసి ఎంతమంది కుర్రాళ్ళు యూనిట్లు పెట్టాలనుకున్నారో అనే బాధ ఇంకా పోలేదు.

సరే, నీ లెక్కకు వస్తాను. ఏడాదివారీ మిగులు రాశావు, అందులో అప్పు మీది వడ్డీ తీసేయకుండా ఉంచావు. అది బాగుంది. వడ్డీ అక్కడ ఒకసారి తీసి, డిస్కౌంట్ రేటులో, అంటే వెనక్కి తగ్గించే ఆ వడ్డీ రేటులో ఇంకోసారి తీసేవాళ్ళే ఎక్కువ. కానీ రేటు? 7.1 శాతం. ఇప్పటి పీపీఎఫ్ రేటు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన రేటు అది, మీ మామయ్య షాపు మూసేశాక వచ్చింది. 2013-14లో పీపీఎఫ్ 8.7 శాతం ఇచ్చేది. అయినా అది కూడా పోలిక కాదు, ఎందుకంటే అప్పట్లో పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షకు మించి కట్టనిచ్చేవాళ్ళు కాదు, 12 లక్షలు ఒక్కసారి పెట్టే దారే లేదు. ఆయన ముందు నిజంగా ఉన్న దారి బ్యాంకు డిపాజిట్, అది 9 శాతం దగ్గర్లో ఉండేది. ఇక 12 లక్షల్లో 5 లక్షలు రూపాయిన్నర వడ్డీకి తెచ్చాడని నువ్వే రాశావు. రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. సొంత 7 లక్షలకు 9, అప్పు 5 లక్షలకు 18, రెండూ వాటా ప్రకారం కలిపితే 12.75 శాతం. షాపు అనే రిస్కుకు సొంత డబ్బు మీద 9 కంటే ఎక్కువే ఆశించాలి, అప్పు తీరేకొద్దీ ఆ వాటాలూ మారతాయి, ఇప్పటికి అంత దూరం పోవద్దు. కనీసం ఈ 12.75తో మొదలుపెట్టు.

ఇంకో తప్పు దొర్లింది. 7.1 శాతంతోనే వేసినా నాకు 2 లక్షల 96 వేల మిగులు వచ్చింది, నువ్వు 2 లక్షల 76 వేలు అన్నావు. ఎందుకా అని వెతికాను. ఎక్సెల్‌లో ఎన్‌పీవీ ఫంక్షన్ లోపలే మైనస్ 12 లక్షలు కూడా ఇచ్చేశావు. ఆ ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను కూడా ఏడాది చివర జరిగినట్టే తీసుకుంటుంది, దాంతో అంతా ఒక ఏడాది వెనక్కి జరిగి 1.071తో అదనంగా భాగింపబడింది. మొదటి రోజు పెట్టిన డబ్బును ఫంక్షన్ బయట ఉంచి కలుపు. ఆ తర్వాత మిగిలినదాంట్లోంచి ధరల పెరుగుదల పేరుతో మళ్ళీ కోత పెట్టావు. నువ్వు తీసుకున్న మిగుళ్ళు ఆయా ఏళ్ళలో చేతికొచ్చిన రూపాయలు, రేటు బ్యాంకు చెప్పే రేటు, ధరల పెరుగుదల అందులో ముందే కలిసి ఉంటుంది. రెండోసారి తీయొద్దు.

ఇప్పుడు అసలు అంకె. మొదటి ఆరేళ్ళ మిగుళ్ళు వరసగా 2, 2.5, 3, 3, 2.5, 2 లక్షలు, ఏడో ఏడు షట్టర్ ఓనరు తిరిగిచ్చిన అడ్వాన్సు, మిషన్లు అమ్మిన డబ్బు కలిపి 5 లక్షలు. మొత్తం 20 లక్షలు. 12 పెడితే 20 వచ్చింది కాబట్టి 8 లక్షల లాభం అని మీ ఇంట్లో అనుకుంటున్నారన్నావు. 12.75 శాతంతో ఈ అంకెల విలువ 2013 ఏప్రిల్ నాటికి 12 లక్షల 19 వేలు. మిగులు 19 వేల చిల్లర. "అయిపోయిన పెట్టుబడికి ప్రస్తుతం అంటే ఏ రోజు?" అని అడిగావు, మంచి ప్రశ్న. 2013కు వెనక్కి తెచ్చినా, లేదా ప్రతి అంకెనూ అదే రేటుతో 2020 మార్చి దాకా ముందుకు పెంచినా లాభమా నష్టమా అన్నది మారదు, అంకె సైజు మారుతుంది అంతే. ముందుకు పెంచితే ఆ 19 వేలు 45 వేలకు కాస్త తక్కువగా కనపడుతుంది. నేనైతే 2013నే ఎంచుకుంటాను, రాసేవాణ్ణి అది నిర్ణయం జరిగిన రోజు దగ్గరే కట్టి ఉంచుతుంది కాబట్టి.

ఇక్కడి దాకా ఏ అకౌంటెంట్ అయినా చెప్తాడు. నన్ను కదిలించింది నీ వ్యాసంలో మధ్యలో ఎక్కడో పడేసి వెళ్ళిపోయిన వాక్యం. "ప్రింటింగ్ ప్రెస్‌లో 12 వేల జీతం మానేసి, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా మామయ్యే మిషన్ దగ్గర నిలబడేవాడు." తమ్ముడూ, ఇంత మాట రాసి దాన్ని లెక్కలోకి ఎట్లా తీసుకోలేదు నువ్వు? ఆ మిగులు తేల్చేటప్పుడు ఆయన జీతం ఖర్చుగా తీయలేదు. ఆయన ఒదులుకున్న 12 వేలు ఏడాదికి లక్షా 44 వేలు. ఏడేళ్ళకు అదే 12.75 శాతంతో దాని విలువ 6 లక్షల 42 వేలు. 19 వేల మిగులు ఒక్క దెబ్బతో 6 లక్షల 22 వేల నష్టమవుతుంది. ఆ జీతం ఏటా పెరిగేది కూడా, అది నేను కలపనే లేదు. మన ఇళ్ళల్లో చిన్న వ్యాపారాలన్నీ ఇట్లాగే లాభాల్లో నడుస్తాయి. కూర్చున్నవాడి కూలి, గల్లాపెట్టె దగ్గర ఉన్న ఇల్లాలి కూలి, బడి అయ్యాక స్పైరల్ బైండింగ్ చేసిన పిల్లల కూలి ఎవరూ రాయరు. నువ్వు రాయాలి. నీ వ్యాసానికి అసలు విషయం అదే, కోకాపేట కాదు.

మరి నిర్ణయం? దానికి కావలసిన ముడిసరుకు కూడా నీ దగ్గరే ఉంది, చూసుకోలేదు. ఏడాదికి మూడున్నర లక్షలు మిగులుతుందని, కనీసం పదేళ్ళు నడుస్తుందని మామయ్య అనుకున్నాడన్నావు. ఆ మూడున్నరలోంచి జీతం లక్షా 44 వేలు తీసేస్తే 2 లక్షల 6 వేలు. పదేళ్ళకు 12.75 శాతంతో 11 లక్షల 29 వేలు. పదో ఏడు చివర తిరిగొచ్చే అడ్వాన్సు 3 లక్షల విలువ 90 వేలు. మొత్తం 12 లక్షల 19 వేలు, మిషన్లకు పైసా రాదనుకున్నా. అంటే ఆయన ఆశించినది నిజమైతే జీతం కూడా పోను కొద్దిగా మిగిలేది. గొప్ప బేరమేమీ కాదు, కానీ తెలివితక్కువ పని ఏమాత్రం కాదు. కోచింగ్ సెంటర్ల మధ్యలో, ప్రతి పిల్లవాడూ నోట్స్ జిరాక్స్ తీయించుకునే చోట పదేళ్ళు అనుకోవడంలో తప్పేముంది? 2016 సెప్టెంబరులో జియో వస్తుందని, నోట్స్ అన్నీ వాట్సాప్‌లో పీడీఎఫ్‌లుగా తిరుగుతాయని, ఆ నవంబరు 8న పెద్ద నోట్లు రద్దవుతాయని, 2020 మార్చిలో ఊరంతా మూతపడుతుందని 2013లో ఎవరు చెప్పగలరు? నీ అంకెలే చూడు, నాలుగో ఏడు దాకా మిగులు తగ్గలేదు, ఐదో ఏడు నుంచి పడిపోతూ వచ్చింది. ఈ లెక్కల వెనక ఉన్న సిద్ధాంతానికి పునాది వేసినవాళ్ళలో ఒకరైన అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1929 పతనంలో సొంత ఆస్తి పోగొట్టుకున్నాడు. దానివల్ల ఆయన పద్ధతి తప్పయిపోలేదు.

అందుకే ఆ చివరి పేరా కొట్టెయ్. అది ఉన్నంతవరకు మీ మామయ్య ముఖం చూసి నువ్వు ఈ వ్యాసం చదివి వినిపించలేవు. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళ ముందు చదవలేనిది అచ్చు వేయకూడదని నా పట్టుదల, దీనిమీద చాలామందితో గొడవపడ్డాను, ఇకముందూ పడతాను.

పెట్టుబడి ఐదో ఏట తిరిగొచ్చేసిందని ఒక పేరా అంతా రాశావు, అది ఒక వాక్యంలో చాలు. ఎన్నేళ్ళలో తిరిగొచ్చింది అన్న లెక్కకు వడ్డీ తెలియదు, తర్వాత ఏం జరిగిందో పట్టదు. ఏ పత్రికకు పంపాలి, హెడ్డింగ్ ఏం పెట్టాలి అని కూడా అడిగావు, ముందు లెక్క తిరగరాయి.

తిరగరాసే ముందు మామయ్యను ఒక విషయం మాత్రం తప్పకుండా అడుగు. అడ్వాన్సు 3 లక్షలు 2020 మార్చిలోనే తిరిగొచ్చినట్టు వేసుకున్నావు. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది, కోచింగ్‌లు మూతపడ్డాయి, అట్లాంటి నెలలో షట్టర్ ఓనరు 3 లక్షలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడంటే నాకు నమ్మకం కలగడం లేదు. ఒక్క ఏడాది ఆలస్యమైనా దాని విలువలో 14 వేల 600 పోతుంది, జీతం కలపకముందు నీకు కనపడ్డ ఆ 19 వేలలో ముప్పాతిక వంతు అదే. ఏ నెలలో వచ్చింది, ఒకేసారి వచ్చిందా, పెయింటింగ్ ఖర్చనో బాకీ అద్దె అనో ఎంత కోసుకున్నాడు, కనుక్కుని ఆ తేదీలతో పంపు. ఎదురుచూస్తుంటాను.