పెన్‌డ్రైవ్‌కి కాపీ 100% దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

లైనక్స్ ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైల్ కాపీ పెడితే మొదట జోరుగా వెళ్లి, చివర్లో నిమిషాల తరబడి కదలడం లేదని అడిగారు. చాలాసార్లు అది పాడవడం కాదు. కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ముందు డేటాను ర్యామ్‌లోకి తీసుకుని, తర్వాత నెమ్మదిగా డ్రైవ్‌లో రాస్తుంది. మీకు మొదట కనిపించేది ర్యామ్ వేగం. ఆ చివరి నిమిషాల్లో టెన్షన్ పడి డ్రైవ్ లాగేయకండి, ఫైల్ పాడైపోతుంది. టెర్మినల్‌లో 'సింక్' (sync) కొట్టి, ర్యామ్‌లో మిగిలినదంతా డ్రైవ్‌లో రాసి అది ముగిసేదాకా ఆగండి.

మొత్తంగానే నెమ్మదిగా ఉంటే 'ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ' (lsusb -t) కొట్టి చూడండి, యూఎస్‌బీ పరికరాలు ఏ వేగంతో కలిశాయో చూపిస్తుంది. మీ డ్రైవ్ ఉన్న వరుస చివర 5000ఎం (5000M, సెకనుకు మెగాబిట్లు) ఉంటే యూఎస్‌బీ 3 వేగంతో కలిసినట్టు. 480ఎం ఉంటే యూఎస్‌బీ 2 వేగమే, అంటే సెకనుకు మహా అయితే 40 ఎంబీ. యూఎస్‌బీ 3 డ్రైవ్‌కి 480 కనిపిస్తే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నీ హబ్‌నీ. వాటిని తీసేసి నేరుగా వేరే పోర్టులో గట్టిగా పెట్టి మళ్లీ చూడండి.

అక్కడ 5000 ఉండి కూడా ఈడుస్తుంటే లోపం డ్రైవ్‌లోని ఫ్లాష్ మెమరీదే కావచ్చు. చవక పెన్‌డ్రైవ్‌లు చదవడంలో చురుకే, రాయడంలోనే చతికిలబడతాయి. వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే ఒకే 'టార్' (tar, ఫైళ్లన్నీ కలిపిన మూట) ఫైల్‌గా కట్టి పంపండి, తేడా కనిపిస్తుంది.