నల్ల తెరపై మెయిళ్లు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చినా ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచి, 'మట్' అనే ప్రోగ్రాంలో మెయిళ్లు చూస్తుంది. ఫోల్డర్ల జాబితా దానంతటదే తయారయ్యేలా స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాశానని మురిసిపోతోంది. ఫోనులో చూసుకుంటే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకు? దీనివల్ల ఉద్యోగానికి ఉపయోగం ఉందా?
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఉందమ్మా. దయచేసి ఆపకండి.

ఏయే ఫోల్డర్లలో కొత్త మెయిళ్లు వచ్చాయో మట్ కనిపెట్టాలంటే, వాటి పేర్లు సెట్టింగుల ఫైలులో ఉండాలి. చేత్తో రాసేటప్పుడు ఒక్క పేరు మరిచిపోయినా, అందులో పడ్డ మెయిల్ సంగతే తెలియదు. ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా దాచే మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి మెయిల్ ఫోల్డర్‌లోనూ కర్, న్యూ, టెంప్ అని మూడు చిన్న ఫోల్డర్లు ఉంటాయి. 'కర్' ఎక్కడెక్కడ ఉందో ఫైండ్ కమాండ్‌తో వెతికిస్తే ఫోల్డర్లన్నీ దొరికిపోతాయి. మీ అమ్మాయి పట్టుకున్న కిటుకు బహుశా ఇదే. చేత్తో చేసే పనిని కంప్యూటర్‌కు అప్పగించాలన్న ఈ ఆరాటమే, సంస్థల కంప్యూటర్లను, సర్వర్లను చూసుకునే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి కావలసిన మొదటి లక్షణం. మార్కుల జాబితాలో అది కనిపించదు.

ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట అడగండి: "ఫోల్డర్ పేరు మధ్యలో ఖాళీ ఉంటే నీ స్క్రిప్టు ఏం చేస్తుంది?" 'హాస్టల్ ఫీజు' అన్న పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే మట్ రెండు ఫోల్డర్లుగా చదువుతుంది. సెట్టింగుల ఫైలులోనే బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య కమాండ్ రాసి ఉంటే మరో చిక్కు ఉంది. అది ఇచ్చే ఫలితంలో మొదటి వరుసనే మట్ తీసుకుంటుంది కాబట్టి పేర్లన్నీ ఒకే వరుసలో రావాలి. ఇలాంటివి సరిచేసి, ఎలా వాడాలో ఒక పేజీ రాసి, ప్రోగ్రాములను నలుగురితో పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైటులో పెట్టమనండి. మెయిల్ పాస్‌వర్డు ఉన్న ఫైలు మాత్రం పొరపాటున కూడా అక్కడికి వెళ్లకూడదు.

డిగ్రీ తప్పకుండా పూర్తి చేయాలి. ఎంసీఏ చదవాలనుకుంటే ఏపీ ఐసెట్ ప్రవేశ పరీక్ష ఉంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే మనసుంటే రెడ్‌హ్యాట్ కంపెనీ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష ఆమెకు బాగా నప్పుతుంది, ఎందుకంటే అందులో జవాబులు రాయడం కాదు, కంప్యూటర్ మీద పని చేసి చూపించాలి. ఫీజు తక్కువేమీ కాదు, కాబట్టి చివరి సంవత్సరం దాకా ఆగండి.

రెజ్యూమెలో 'లైనక్స్ వచ్చు' అని రాస్తే సరిపోదు. ఈ స్క్రిప్టు ఏ ఇబ్బంది తీర్చడానికి రాసిందో రెండు వాక్యాల్లో రాయమనండి. ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.