సివిల్‌లోనే చేర్చండి, నదుల ప్రొఫెసర్ కావడానికి దారి అదే

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలు చేస్తాం. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. నదులు, సముద్రతీరం మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. బంధువులేమో సీఎస్‌ఈలో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సివిల్‌లోనే చేర్చండి.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మీరు మరిచిపోయి ఉండరు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు వైపు హైవే తెగింది. సోమశిల నుంచి ఇన్ని క్యూసెక్కులు వదిలితే మీ ఊరి పొర్లుకట్ట దగ్గరికి నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, ఎంత ఎత్తున వస్తాయి? ఆ లెక్క ముందే కట్టడమే రివర్ మోడలింగ్. నదికి అడ్డంగా చాలా చోట్ల లోతు, వెడల్పు కొలుస్తారు. అడుగున ఇసుకా రాయా, చెట్టూ చేమా ఎంత అడ్డుపడతాయో చూస్తారు. పైనుంచి వచ్చే ప్రవాహాన్ని, కింద సముద్రపు పోటును కలిపి సమీకరణాలను కంప్యూటరు చేత సాధింపజేస్తారు. వచ్చిన జవాబును పాత వరద నాడు గోడల మీద మిగిలిన నీటి మరకలతో సరిచూస్తారు. కలవకపోతే మళ్లీ మొదటికి. ఈ పనికి లెక్కలు గట్టిగా రావాలి, ప్రోగ్రామింగూ రావాలి. బంధువులకు ఈ సంగతి చెప్పండి, కంప్యూటరు పాపకు ఎక్కడికీ పోదు.

తీరం సంగతి ఇంకా లోతైనది. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను ఉత్తరానికే ఎక్కువగా మోస్తాయి. చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనాలో ఇసుక పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. ఎగువన ఆనకట్టలు ఒండ్రును పట్టేస్తే తీరానికి అందేది తగ్గిపోతుంది.

అమెరికాలో మిసిసిపీ నది కలిసే లూసియానా రాష్ట్రం 1930ల నుంచి సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది. కరకట్టలు కట్టడంతో ఒండ్రు చిత్తడి నేలలకు చేరకపోవడం దానికో ముఖ్య కారణం. అక్కడి బాటన్ రూజ్‌లో విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర దిగువ మిసిసిపీకి నిజంగా నీళ్లు పారే నమూనా ఒకటుంది. నది ఏడాది ప్రవాహాన్ని అది గంటలో చూపిస్తుంది. కట్టకు గండి పెట్టి ఒండ్రు నీళ్లు చిత్తడి నేలల్లోకి వదిలే పెద్ద పథకాన్ని 2023లో మొదలుపెట్టి 2025లో ఆపేశారు. ఖర్చు ఒక కారణమైతే, మంచినీళ్లు చేరితే తమ బతుకు పోతుందని రొయ్యలు, ఆల్చిప్పలు పట్టేవాళ్లు ఎదురుతిరగడం ఇంకొకటి. గుంటలో ఉప్పు శాతం కాస్త తేడా వస్తే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూసిన మీ పాపకు ఆ గొడవలో రెండు వైపులా అర్థమవుతాయి. అది పుస్తకంలో దొరికే చదువు కాదు.

దారి ఇదీ. నాలుగేళ్ల బీటెక్ సివిల్, ఆ తర్వాత ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష. ఎంటెక్‌కు ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజనీరింగ్, రూర్కీలో హైడ్రాలజీ, వరంగల్ ఎన్‌ఐటీలో జలవనరులు ఉన్నాయి. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000. అంటే బీటెక్ దాటాక మీ మీద పెద్ద భారం ఉండదు, కానీ ముప్పై ఏళ్లు దగ్గరపడేదాకా స్థిరమైన ఉద్యోగం ఉండకపోవచ్చు. పెళ్లి తొందర పెట్టకుండా ఆగగలరా? ఇంట్లో ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ప్రొఫెసర్ పోస్టులకు పోటీ చాలా ఎక్కువ. చాలా ప్రైవేటు కాలేజీల్లో క్లాసులతోనే రోజు గడిచిపోతుంది, పరిశోధనకు తీరిక దొరకదు. పోస్టు రాకపోయినా చదివింది వృథా కాదు. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం, హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్, కేంద్ర జల సంఘం, మన జలవనరుల శాఖ, అన్నింటికీ ఈ చదువు పనికొస్తుంది.

ఈలోగా పాపను గూగుల్ ఎర్త్‌లో పెన్న మొగ దగ్గరి పాత చిత్రాలు ఏడాదివారీగా చూడమనండి. ఇసుక తిన్నె ఎటు జరిగిందో గీసి పెట్టుకోమనండి. బీటెక్ రెండో ఏడు నుంచి రివర్ మోడలింగ్ చేసే హెచ్‌ఈసీ-రాస్ నేర్చుకోవచ్చు, ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఇక వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్లి హైడ్రాలిక్స్ ల్యాబు చూపించమని అడగండి. కాలువ నమూనాలో నీళ్లు పారుతుంటే ఆ కాలేజీ పేరు పైన రాయండి. దుమ్ము పట్టి ఉంటే ఇంకో కాలేజీ చూడండి.