కొండకు ఎదురుగా ఉన్న బాల్కనీకి నలభై ఎనిమిది వేలా?

ప్రశ్న: తిరుపతిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాము. నేను ప్రైవేటు బడిలో ఉపాధ్యాయురాలిని, మావారు ఒక కంపెనీలో సూపర్‌వైజరు. ఇద్దరికీ కలిపి నెలకు 64,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు, పాప ఫీజు, వ్యక్తిగత రుణం వాయిదా 8,200, చీటీ 5,000 పోగా ఆరు వేల దాకా మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 30,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 22,000 బకాయి ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాము. మావారికి దీపావళికి 18,000 బోనస్ వస్తుంది. మా బాల్కనీ ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. ఉత్తరం వైపు ఉంటుంది, ఎదురుగా కొండ కనిపిస్తుంది. దసరా నుంచి కార్తీకం దాకా అక్కడ కూర్చోవాలని, శరదృతువుకు తగ్గట్టు దాన్ని అలంకరించాలని పాపకూ నాకూ కోరిక. ఒక డెకరేటరు కృత్రిమ గడ్డి, వెదురు తెర, పైకప్పుకు వేలాడే ఊయల కుర్చీ, గోడకు పూలమొక్కల నిలువు తోట, దీపాల తీగలు కలిపి 48,000 చెప్పారు. కార్డు మీద ‘నో కాస్ట్ ఈఎంఐ’ పెడితే నెలకు 4,000 చొప్పున పన్నెండు నెలలు. అంతకంటే చీటీ పాడుకోవడం మేలని మావారు అంటున్నారు. టోకెన్‌గా వెయ్యి ఇచ్చాను. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. బాల్కనీ మాత్రం తప్పకుండా అలంకరించుకోండి.

ముందు మీరు అడగని విషయం చెబుతాను. ఆ 22,000 కార్డు బకాయిని ఈ వారంలోనే తీర్చేయండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డు అనుకుందాం, చాలా కార్డులు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. 22,000 మీద నెలకు 770 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 909 రూపాయలు. కనీస మొత్తం అయిదు శాతమైతే మీరు కట్టేది 1,100. అంటే అసలులో తగ్గేది 191 రూపాయలు. పైగా బకాయి మిగిలి ఉన్నంత కాలం కొత్తగా గీకే ప్రతి కొనుగోలుకూ వడ్డీ లేని గడువు వర్తించదు. కిరాణా సరుకులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఇటు మీ 30,000 సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి రెండున్నర, మూడు శాతం చుట్టుపక్కల సంపాదిస్తోంది. అందులోంచి 22,000 తీసి కార్డుకు కట్టండి. చేతిలో ఎనిమిది వేలే మిగిలిందని కంగారు పడకండి. దీపావళి బోనస్ వచ్చిన రోజే 18,000 తిరిగి ఆ ఖాతాలో వేయండి. ఆ డబ్బుకు ఇంకే పనీ అప్పగించవద్దు.

ఇక వాయిదాల సంగతి. ‘సున్నా శాతం వడ్డీ’ అనేది అసలు లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది, దానికి సమానమైన మొత్తాన్ని అమ్మేవారు ముందుగానే రాయితీ కింద తగ్గించి చూపిస్తారు. ఏడాదికి 16 శాతం లెక్కన చూస్తే మీ 48,000లో దాదాపు 3,900 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 700 పైచిలుకు, మీ చేతి నుంచే పోతుంది. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు. ఇవి పెద్ద మొత్తాలు కావనిపించవచ్చు. కానీ అమ్మేవారు బ్యాంకుకు వదులుకుంటున్న ఆ 3,900ను రొక్కం ఇచ్చేవారికి తగ్గించగలరు కదా! ‘నగదు అయితే ఎంత?’ అని ఒక్కసారి అడిగి చూడండి, అసలు ధర అప్పుడు బయటపడుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ ఏడు వందలు కాదు. నెలకు 4,000 అంటే మీకు మిగిలే ఆరు వేలలో మూడింట రెండు వంతులు. ఈ వాయిదా మొత్తం కార్డు కనీస చెల్లింపులో కలుస్తుంది. ఏదో ఒక నెల పాపకు జ్వరం వచ్చి ఖర్చయిందంటే మళ్లీ ఇప్పుడున్న చోటికే వస్తారు, ఈసారి బకాయి మరింత పెద్దది.

డబ్బు పక్కన పెట్టి బాల్కనీనే చూద్దాం. ఆ డెకరేటరు జాబితా మన ఊరికి తయారు చేసినట్టు లేదు. శరత్తు అనగానే కవులకు వెన్నెల, తెల్లని మబ్బులు గుర్తొస్తాయి. తిరుపతిలో ఆ ముచ్చట దసరా వరకే. అక్టోబరు మూడో వారం దాటాక ఈశాన్య రుతుపవనాలు వస్తాయి, అసలు వానలు మనకు అప్పుడే. 2021 నవంబరులో వీధులు ఏరులైన సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. 2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను వచ్చి వెళ్లింది. జల్లు కొట్టేది ఈశాన్యం నుంచి, మీ బాల్కనీ తెరుచుకున్నది ఉత్తరానికి. కొత్త ఊయల కుర్చీ, దాని మెత్తలు దీపావళికల్లా తడిసి బూజు వాసన వేస్తుంటే, పదకొండు వాయిదాలు ఇంకా మిగిలే ఉంటాయి.

కృత్రిమ గడ్డి మరీ ప్రమాదం. దాని కింద నీరు నిలుస్తుంది, పోగులు ఊడి నీరు పోయే రంధ్రానికి అడ్డం పడతాయి. కింది ఫ్లాటు పైకప్పు చెమ్మగిల్లితే యజమాని మొదట చూసేది మీ అడ్వాన్సు వైపే. ఊయల కోసం పైకప్పుకు రంధ్రం చేసినా అంతే. అద్దె ఇంట్లో నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఇల్లు మారేటప్పుడు ఆటోలో ఎక్కించుకుని పోలేని వస్తువు మీద పైసా పెట్టకూడదు. గడ్డి, నిలువు తోట చట్రం, పైకప్పు కొక్కెం, మూడూ ఆ పరీక్షలో ఓడిపోతాయి. వెదురు తెర గురించి ఏమనాలో తెలియదు. ఆ కొండను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి వస్తారు, మీరు డబ్బిచ్చి దానికి అడ్డు కట్టుకుంటారా?

నిలువు తోటలో పూలమొక్కలు అన్నారు కాబట్టి ఇంకో మాట. సెప్టెంబరు నాలుగో వారం నుంచి మార్చి దాకా సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు, ఉత్తరం బాల్కనీలో నేరుగా ఎండ పడదు. బంతికి రోజంతా ఎండ కావాలి. కాబట్టి బంతి, చామంతిని పెంచుకునే మొక్కలుగా కాక పండగకు తెచ్చుకునే పూలుగా లెక్క వేయండి. దసరాకు వారం ముందు, మొగ్గలున్నవి ఓ ఆరు కొనండి. రెండు మూడు వారాలు కళకళలాడతాయి, ఆ తర్వాత డాబా మీద ఎండలోకి మార్చండి. ఏడాది పొడవునా ఉండాల్సినవి మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు, ఫెర్న్‌లు. మొదటి రెండింటి నుంచి పిలకలు, తీగ ముక్కలు పక్కింటివారు ఉచితంగానే ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. దీపాల తీగను చామంతికి దూరంగా కట్టండి. రాత్రి నిడివి పెరిగితేనే అది మొగ్గ వేస్తుంది. పూత ఆలస్యం కావాలనుకున్న రైతులు తోటలో రాత్రిపూట బల్బులు వెలిగించేది అందుకే.

ఇప్పటికి మొత్తం ఖర్చు 3,500 దాటనివ్వకండి, అది కూడా ఈ నెల మిగులులోంచే. పూలమొక్కలకు, మట్టికి, కుండీలకు 1,500. నాణ్యమైన దీపాల తీగ ఒకటి, వానకు తడిసినా షాక్ కొట్టనిది, 600 లోపు. నేలకు కొబ్బరి పీచు చాప ఒకటి, వాన వచ్చే రోజు చుట్టి లోపల పెట్టేయవచ్చు. కార్తీకానికి మట్టి ప్రమిదలు ఎలాగూ కొంటారు, మరో డజను ఎక్కువ తీసుకోండి. పలమనేరు టెర్రకోట బొమ్మ ఒకటి మీకు నచ్చింది దొరికితే, మిగిలినదంతా దానికే పెట్టండి. ఇంటర్నెట్ ఫొటోల్లోని ఎర్రటి ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండ మాత్రం వద్దు. గుమ్మడికాయ కావాలని పాప పేచీ పెడితే సంతలో ఒకటి కొనండి, వారం అలంకారంగా ఉంచి తర్వాత పులుసు పెట్టుకోవచ్చు.

కుర్చీల మాట సంక్రాంతి తర్వాత. అప్పటికి వానలు ఆగి, సాయంత్రాలు చల్లగా ఉండి, బాల్కనీలో నిజంగా కూర్చోగలిగే రోజులు వస్తాయి. వచ్చే నెల నుంచి జనవరి దాకా నెలకు 2,500 పక్కన పెడితే 10,000 అవుతుంది. దీనికి ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వద్దు. బ్యాంకుల్లో ఆర్‌డీకి సాధారణంగా కనీసం ఆరు నెలలో ఏడాదో గడువు ఉంటుంది. కార్డు, యూపీఐ రెండూ కలపని ఇంకో సేవింగ్స్ ఖాతాలో వేస్తే చాలు. ఆ డబ్బుతో మడత కుర్చీలు రెండు, చిన్న బల్ల ఒకటి వస్తాయి. ఊయల మీది కోరిక వదలకపోతే స్టాండుతో వచ్చేది చూడండి, పైకప్పుకు రంధ్రం అక్కర్లేదు. కానీ నాలుగు అడుగుల వెడల్పులో అది ఊగే చోటు ఉందో లేదో ముందు టేపు పట్టి కొలవండి.

చీటీ విషయంలో మీ వారితో నేను ఏకీభవించను. మొదటి నెలల్లో పాడితే ఎక్కువ మొత్తం వదులుకోవాలి, మిగిలిన నెలలు అయిదు వేలూ కడుతూనే ఉండాలి. అది కూడా అప్పే, పేరు వేరు. చీటీ సంస్థ రిజిస్టరైనదో కాదో ఈ సందర్భంలోనే కనుక్కోండి. చట్టం ప్రకారం నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతానికి మించకూడదు, 2019 సవరణకు ముందు అది అయిదు శాతం. అంతా సరిగ్గా ఉంటే చివరి నెలల వరకు పాడకుండా ఉంచి, వచ్చిన మొత్తంతో వ్యక్తిగత రుణం ముందే తీర్చగలరేమో చూడండి. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో బ్యాంకును అడిగాకే ఆ పని చేయాలి.

టోకెన్ వెయ్యి గురించి: రసీదు ఉంటే తీసుకెళ్లి, పని మొదలు కాలేదు కాబట్టి తిరిగి ఇవ్వమని మర్యాదగా అడగండి. ఇచ్చిన వెయ్యి పోతుందని మిగిలిన 47,000 ఇవ్వడం మాత్రం చేయకండి. డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదంటే, ఆ విలువకు కుండీలు, మొక్కలు ఇవ్వమనండి. అవి ఎలాగూ మన జాబితాలో ఉన్నవే.