మాత్రలు వాడకపోయినా షుగర్ 52కి పడిందా? ముందు ఆ పొడి ఆపండి

ప్రశ్న: నా వయసు 61. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలేవీ లేవు, తిండి, నడకతోనే నెట్టుకొస్తున్నాను. ఈ మధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 6.6. మూడు వారాల్లో మూడుసార్లు చెమటలు పట్టి చేతులు వణికాయి. మధ్యాహ్నం భోజనానికి ముందు మీటర్‌లో ఒకసారి 63, ఒకసారి 58 వచ్చింది. ఇంకోసారి తెల్లవారుజామున 4 గంటలకు 52. తెలిసినవాళ్లు ఇచ్చిన మూలికల పొడి రెండు నెలలుగా తాగుతున్నాను. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వాడి గత నెల ఆపేశాను. షుగర్ తగ్గిపోయినట్టేనా? రాత్రిపూట మళ్లీ అన్నం తినొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: అన్నం సంగతి తర్వాత. తెల్లవారుజామున వచ్చిన ఆ 52 గురించి ముందు మాట్లాడుకోవాలి. మందుల్లేకుండా షుగర్ అదుపులో ఉన్నవారికి అంత తక్కువకు పడటం చాలా అరుదు. గ్లూకోజ్ తగ్గుతున్నకొద్దీ ప్యాంక్రియాస్ ఇన్సులిన్ ఆపేస్తుంది, కాలేయం తన నిల్వలు వదులుతుంది. షుగర్ తొలిదశలో కొందరికి తిన్న రెండు నుంచి నాలుగు గంటలకు ఇన్సులిన్ ఆలస్యంగా, ఎక్కువగా వచ్చి కాస్త పడుతుంది. మధ్యాహ్నపు 63కు ఆ కారణం సరిపోవచ్చు. రాత్రి తిని పడుకున్న మనిషికి 4 గంటలకు పడితే సరిపోదు.

నా అనుమానం పొడి మీదే. చూడకుండా, పరీక్షించకుండా అందులో ఫలానాది ఉందని చెప్పలేను. కానీ ‘మూలికలు మాత్రమే’ అని అమ్మే షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి, షుగర్ తగ్గించే అల్లోపతి మందు కలిపిన ఉదంతాలు చాలా బయటపడ్డాయి. ఆ మందు మీరు తిన్నారా లేదా అని చూడదు, ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ పిండుతూనే ఉంటుంది. చెంచాకు ఎంత వస్తుందో అమ్మినవాడికీ తెలియదు. వయసుతో కిడ్నీల పని తగ్గితే ఒంట్లో పేరుకుపోతుంది. 2008లో సింగపూర్‌లో లైంగిక సామర్థ్యానికని దొంగచాటుగా అమ్మిన మాత్రల్లో ఇదే మందు ఉండటంతో షుగర్ జబ్బే లేని 150 మంది ఆసుపత్రి పాలయ్యారు, నలుగురు చనిపోయారు. అంత ప్రమాదమున్న దాన్ని లేబుల్ కూడా లేకుండా రోజూ తాగడమేమిటండీ? రెండోసారి పడినప్పుడే డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సింది.

ఈరోజే ఆపేయండి. పారేయొద్దు, డబ్బాతో సహా ఫిజీషియన్‌కు చూపించండి. ఇంట్లో ఇంకెవరికైనా గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలుంటే, పొరపాటున అవి వేసుకుంటున్నారేమో కూడా చూసుకోండి.

మోకాళ్ల మాత్రల విషయం. పొట్లం కట్టి ఇచ్చే నొప్పి మాత్రల్లో స్టెరాయిడ్లు ఉండటం మామూలే. వారాల తరబడి వాడి ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ చాలక నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, షుగర్ పడిపోవడం ఉంటాయి. ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పరీక్షలంటే క్రియాటినిన్ (కిడ్నీలకు), లివర్ పరీక్షలు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), ఉదయం 8 గంటల కార్టిసాల్. ఆసుపత్రిలో ఉండగా షుగర్ పడితే గ్లూకోజ్ ఎక్కించేముందు తీసిన రక్తంలో ఇన్సులిన్, సీ-పెప్టైడ్ (ఇన్సులిన్‌తో పాటు ప్యాంక్రియాస్ విడుదల చేసేది), సల్ఫోనైలూరియా స్క్రీన్ (గ్లిబెన్‌క్లమైడ్ రకం మందులు రక్తంలో ఉన్నాయేమో చెప్పే పరీక్ష) చూడాలి. ఈ చివరిది అడిగి మరీ చేయించుకోండి. మొదటి రెండూ ప్యాంక్రియాస్ గడ్డలోనూ, ఈ రకం మందులతోనూ ఒకేలా పెరుగుతాయి. పొడి సంగతి దాస్తే లేని గడ్డ కోసం స్కాన్ల మీద స్కాన్లు తీయాల్సివస్తుంది.

మళ్లీ చెమటలు పడితే చేతులు కడిగి, పూర్తిగా ఆరాక మీటర్‌లో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి లేదా చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి తాగండి. మీటర్ దగ్గర లేకపోతే దాని కోసం వెతుక్కోకుండా ముందు తాగేయండి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, 70 దాటకపోతే అంతే మోతాదు ఇంకోసారి. ఆ తర్వాత ఇడ్లీయో, నాలుగు బిస్కెట్లో తినాలి. లడ్డూ, చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల చక్కెర ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం 24 గంటలు, కొందరిలో ఇంకా ఎక్కువ ఉంటుంది. చక్కెర నీళ్లతో లేచినవారికి కొన్ని గంటల్లో మళ్లీ పడుతుంది. అందుకే పొడి తాగిన రోజుల్లో 54 కంటే కిందికి పడితే, తేరుకున్నా సరే, ఆసుపత్రిలో ఉండాలి.

ఇక మీ ప్రశ్న. షుగర్ తగ్గిపోలేదు. ఆ 6.6లో మీ నడక వాటా ఎంతో, పొడి వాటా ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కారణం తేలేదాకా రాత్రి భోజనం మానొద్దు. కొలతగా ఒక కప్పు అన్నం, పప్పు, కూర తినొచ్చు. పొడి ఆపాక షుగర్ 200 దాటినా కంగారుపడి మళ్లీ మొదలుపెట్టొద్దు. రెండు వారాలు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసి రాసిపెట్టుకోండి. మందు అవసరమా, అవసరమైతే ఏది అన్నది ఆ కాగితం చూసి మీ డాక్టర్ నిర్ణయిస్తారు.