లాగ్ ఫైల్ తీసేసినా డిస్క్ ఖాళీ కాకపోతే

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న ఉబుంటు సర్వర్‌లో 50 జీబీ రూట్ డిస్క్ నిండింది, 18 జీబీ లాగ్‌ని ఆర్‌ఎమ్ కమాండ్‌తో తీసేశారు, అయినా డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ 100 శాతమే చూపిస్తోంది, ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ మాత్రం 29 జీబీయే అంటోంది. ఇదే కదా మీ సమస్య? ఆ తేడాలోనే జవాబుంది. 29కి 18 కలిపితే 47. మిగిలింది చాలావరకు ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ రూట్ యూజర్ (అడ్మిన్) కోసం మామూలుగా అట్టిపెట్టే 5 శాతం, అంటే రెండున్నర జీబీ.

ఆర్‌ఎమ్ తీసేసేది పేరునే. ఏదైనా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ని తెరిచి ఉంచితే, అది మూసేదాకా బ్లాకులు విడుదల కావు. పేరు లేదు కాబట్టి డీయూకి కనపడదు. దాన్ని పట్టుకోవడానికి, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ (ఇందులో ఎల్ పెద్దక్షరం L):

సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1

పెద్ద సైజున్న వరుసలో పీఐడీ (ప్రాసెస్ నంబర్), ఎఫ్‌డీ (ఆ ప్రాసెస్ తెరిచిన ఫైల్ నంబర్) చూసి ఆ ఒక్క సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి, చాలు. మెషీన్ మొత్తం రీబూట్ చేసినా పని జరుగుతుంది, కానీ అది తిరిగి లేవకపోతే వైట్‌ఫీల్డ్ నుంచి ఆ ట్రాఫిక్‌లో మీరే వెళ్లాలి. సర్వీస్‌ని ఆపే వీల్లేదంటే, ఫైల్‌ని సున్నాకి కుదించే ట్రంకేట్ వాడండి. ఎఫ్‌డీ 4 అనుకుంటే, పీఐడీ చోట మీకు దొరికిన నంబర్ పెట్టి:

సుడో ట్రంకేట్ -ఎస్ 0 /ప్రాక్/పీఐడీ/ఎఫ్‌డీ/4

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఏమీ దొరక్కపోతే మౌంట్ పాయింట్ల (వేరే డిస్కుల్ని తగిలించే ఫోల్డర్ల) అడుగున వెతకండి. బ్యాకప్ డిస్క్ మౌంట్ కాని రాత్రి ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే టూల్) నేరుగా రూట్ డిస్క్ మీదే రాసేసి ఉంటుంది. తర్వాత మౌంట్ అయితే అదంతా కింద కప్పబడిపోతుంది. రూట్‌ని /ఎమ్‌ఎన్‌టీ మీద బైండ్ మౌంట్ చేసి (అంటే అదే డిస్క్‌ని రెండో చోట కూడా కనపడేలా చేసి), అక్కడ డీయూ నడిపితే బయటపడుతుంది. ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే ఎంట్రీల) సంగతి డీఎఫ్ -ఐ చెబుతుంది, మీ లెక్క చూస్తే అది కారణం కాదు.

ఆ 5 శాతాన్ని ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో తగ్గించమని కొందరు చెబుతారు. డేటా డిస్క్‌కైతే సరే, రూట్ డిస్క్‌కి వద్దు. డిస్క్ నిండినా లాగిన్ అయి బాగుచేసుకునే వీలు దానివల్లే ఉంటుంది.

ఇకమీదట నడుస్తున్న లాగ్‌ని ఆర్‌ఎమ్ చేయకండి, ట్రంకేట్ చేయండి. ప్రోగ్రామ్ అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైల్ చివర చేర్చుతూ) రాయకపోతే, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ మళ్లీ 18 జీబీ అని చూపిస్తుంది. కంగారు పడొద్దు, అది మధ్యలో ఖాళీలున్న ఫైల్. అసలు ఎంత తింటోందో డీయూ చెబుతుంది. పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైల్‌ని ఖాళీ చేసే ఆప్షన్) పెట్టినా ఇదే వరస. అందులో సైజ్ 500ఎమ్ అని రాసి ఊరుకుంటే సరిపోదు, ఉబుంటులో లాగ్‌రొటేట్ మామూలుగా రోజుకోసారే నడుస్తుంది. మీ లాగ్ పూటలో జీబీలకు జీబీలు పెరిగేదైతే దాని టైమర్‌ని గంటకోసారికి మార్చండి.